రాయ్‌పూర్-విశాఖపట్నం: కిలోమీటర్లు తగ్గుతున్నాయి, దూరాభారం తగ్గుతుందా?

రాయ్‌పూర్: ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి పటంపై సరళరేఖ గీస్తే దాని పొడవు దాదాపు 420 కిలోమీటర్లు. జెట్ విమానం ఈ దూరాన్ని గంట, గంటంబావు వ్యవధిలో దాటగలదు. అదే ప్రయాణికుడు పాత జాతీయ రహదారి వెంట బయలుదేరితే 597 కి.మీ. మేర, సుమారు పన్నెండు గంటలు ప్రయాణించాలి. రైలు మార్గంలో దూరం దాదాపు 528 కి.మీ. వందే భారత్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినా ఏడున్నర గంటల ప్రయాణం. నేరుగా వెళ్లే విమానం లేని రోజున హైదరాబాద్‌లో విమానం మారవలసి వస్తే, ఆకాశంలోనే 1,060 కి.మీ. చుట్టి రావాలి.

నగరాలు మారలేదు, కానీ వాటి మధ్య దూరాలు నాలుగు తేలాయి. వీటిలో ఏది అసలు దూరమన్న ప్రశ్నకు ఇప్పుడు కొత్త ప్రాధాన్యం వచ్చింది. భారత్‌మాల పరియోజన కింద చేపట్టిన రాయ్‌పూర్-విశాఖపట్నం ఆరు వరుసల ఆర్థిక నడవా పూర్తయితే రహదారి దూరం 465 కి.మీ.కు, ప్రయాణ సమయం సుమారు అయిదు గంటలకు తగ్గుతుందని కేంద్ర ప్రభుత్వం అంచనా వేస్తోంది. మధ్య భారతాన్ని తూర్పు తీరంతో కలిపే ఈ దారి రెండు చివరల మధ్య వ్యవధిని గణనీయంగా కుదించనుంది. అయితే ఆ రెండు చివరల నడుమ నివసించేవారికి కూడా దూరం అంతే తగ్గుతుందా అన్నది వేరే లెక్క. ఆ లెక్కకు సమాధానం వెతకాలంటే ఒక్కో దూరాన్నీ విడిగా పరిశీలించవలసి ఉంటుంది.

గాలిలో గంట, గుమ్మం నుంచి గుమ్మానికి పూట

విమాన ప్రయాణ సమయాన్ని దూరం, వేగం అన్న రెండు అంకెలతో లెక్కించడం సులభంగా కనిపిస్తుంది. జెట్ విమానం గరిష్ఠ ఎత్తులో గంటకు సుమారు 800 కి.మీ. వేగంతో ఎగురుతుంది గనుక 420 కి.మీ. దూరానికి అరగంటే పట్టాలి. ఆచరణలో అలా జరగదు. తక్కువ దూరపు ప్రయాణంలో విమానం పైకి లేవడానికి, కిందికి దిగడానికే అధిక సమయం వెచ్చిస్తుంది. పూర్తి వేగంతో ఎగిరే వ్యవధి కొద్ది నిమిషాలే. దానికి తోడు రన్‌వే వరకు నడక, దిగే వరుసలో నిరీక్షణ కలుస్తాయి. విమానం ద్వారం మూసుకొని కదిలినప్పటి నుంచి గమ్యస్థానంలో ఆగే వరకు గల మొత్తం సమయాన్నే విమానయాన సంస్థలు తమ సమయపట్టికలో చూపుతాయి. అందువల్లనే అరగంట లెక్క గంటకు పైగా తేలుతుంది.

ప్రయాణికుడి గడియారం మాత్రం విమానం ద్వారంతో మొదలుకాదు. రాయ్‌పూర్‌లోని స్వామి వివేకానంద విమానాశ్రయం నగరం నడిబొడ్డుకు సుమారు 15 కి.మీ. దూరాన మానా వద్ద ఉంది. దేశీయ విమానాలకు బయలుదేరే సమయానికి 60 నిమిషాల ముందే చెక్-ఇన్ మూసివేస్తారు. ఇంటి నుంచి బయలుదేరడం, భద్రతా తనిఖీ, విమానంలో గడిపే సమయం, దిగాక సామాను తీసుకోవడం, మళ్లీ నగరంలోకి చేరడం అన్నింటినీ కలిపి లెక్క వేస్తే నేరు విమానంలోనూ నాలుగు గంటలు అవుతుంది. గాలిలో గడిపేది అందులో నాలుగో వంతే.

నేరు విమానం లేనప్పుడు ఈ లెక్క పూర్తిగా తలకిందులవుతుంది. రాయ్‌పూర్ నుంచి హైదరాబాద్‌కు వాయుమార్గంలో దాదాపు 550 కి.మీ., అక్కడి నుంచి విశాఖకు మరో 510 కి.మీ. ఉంటుంది. ఆగ్నేయ దిక్కున ఉన్న నగరానికి వెళ్లేందుకు ముందు నైరుతికి ఎగిరి, తిరిగి తూర్పునకు మళ్లవలసి వస్తుంది. ప్రయాణించే దూరం సరళరేఖకు రెండున్నర రెట్లు. శంషాబాద్‌లో రెండు గంటల నిరీక్షణ కలిపితే గుమ్మం నుంచి గుమ్మానికి ఏడెనిమిది గంటలు పడుతుంది. అంటే వందే భారత్ రైలుతో సమానం. గంటకు 800 కి.మీ. వేగంతో ఎగిరే వాహనం, సగటున 70 కి.మీ. వేగంతో నడిచే రైలు ఒకే సమయానికి గమ్యం చేరుస్తున్నాయన్నమాట. దీనిని బట్టి విమాన ప్రయాణంలో దూరాన్ని నిర్ణయించేది విమానం వేగం కాదని, నేరు సర్వీసు ఉండటం, లేకపోవడమేనని స్పష్టమవుతోంది.

విశాఖ వైపున మరో అంశం కూడా ఉంది. నగరంలోని ప్రస్తుత విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా స్థావరంలో ఉన్నందున పౌర విమానాల రాకపోకలు నౌకాదళ అవసరాలకు లోబడి సాగుతాయి. అందుకు ప్రత్యామ్నాయంగా అల్లూరి సీతారామరాజు పేరిట చేపట్టిన భోగాపురం విమానాశ్రయం విశాఖ నగరానికి సుమారు 45 కి.మీ. దూరంలో ఉంటుంది. విజయనగరం, శ్రీకాకుళం వాసులకు అది దగ్గరవుతుంది. విశాఖ దక్షిణ ప్రాంతాలకు వెళ్లవలసిన వారికి మాత్రం నేలపై మరో గంట కలుస్తుంది. ఒకరికి తగ్గిన దూరం మరొకరి ఖాతాలో చేరడానికి ఇదొక ఉదాహరణ.

1931 నాటి పట్టాలు

ఈ రెండు నగరాల మధ్య దూరాన్ని తగ్గించాలన్న ఆలోచన కొత్తది కాదు. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే సంస్థ విజయనగరం నుంచి పార్వతీపురం వరకు 1908-09లో రైలు మార్గాన్ని ప్రారంభించింది. తూర్పు కనుమలను దాటి పార్వతీపురం నుంచి రాయ్‌పూర్ వరకు మార్గం పూర్తికావడానికి 1931 వరకు సమయం పట్టింది. రెండేళ్ల తరువాత, 1933లో విశాఖపట్నం ఓడరేవు ప్రారంభమైంది. ఈ రెండూ వేర్వేరు ఘటనలు కావు. కలకత్తా, మద్రాసు నగరాల మధ్య సువిశాల తూర్పు తీరంలో పెద్ద ఓడలు నిలిచే రేవు లేని కాలమది. నాటి సెంట్రల్ ప్రావిన్సుల మాంగనీసు తదితర సరకులను దగ్గరి దారిన సముద్రానికి చేర్చాలన్నదే ఆ రైలు మార్గం, ఆ రేవుల ఉమ్మడి లక్ష్యం.

నేటికీ రాయ్‌పూర్ నుంచి మహాసముంద్, ఖరియార్ రోడ్, కాంటాబంజి, టిట్లాగఢ్, కేసింగ, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం చేరే దారి అదే. రాయ్‌పూర్ నుంచి టిట్లాగఢ్‌కు 203 కి.మీ., అక్కడి నుంచి విజయనగరానికి 265 కి.మీ., విశాఖకు మరో 61 కి.మీ. ఉంటుంది. టిట్లాగఢ్-విజయనగరం మధ్య మూడో మార్గాన్ని కేంద్ర మంత్రివర్గం 2015లో ఆమోదించింది. 2024 సెప్టెంబర్ 16న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించిన దుర్గ్-విశాఖపట్నం వందే భారత్ 565 కి.మీ. దూరాన్ని ఎనిమిది గంటల్లో చేరుతుంది. దేశంలో అత్యధిక వేగ సామర్థ్యం గల రైళ్లలో ఒకటైనా, కనుమల వంపులు, రద్దీగా ఉండే సరకు రవాణా మార్గం దాని సగటు వేగాన్ని గంటకు 70 కి.మీ.కు పరిమితం చేస్తున్నాయి.

ప్రపంచంలో ఇంచుమించు ఇంతే దూరం గల జంట నగరాలతో పోలిస్తే తేడా తెలుస్తుంది. ఫ్రాన్స్‌లో పారిస్-లియోన్ నగరాల మధ్య సరళరేఖ దూరం సుమారు 390 కి.మీ. 1981లో మొదలైన అతివేగ రైలు వ్యవస్థ వల్ల ఆ ప్రయాణం నేడు రెండు గంటలకు అటూఇటుగా ముగుస్తుంది. రెండున్నర గంటల లోపు రైలులో చేరగల దూరాలకు దేశీయ విమానాలను నిషేధిస్తూ ఆ దేశం 2023 మేలో నిబంధన అమలులోకి తేవడానికి వీలు కలిగింది అందువల్లనే. అక్కడ రైలు విమానానికి ప్రత్యామ్నాయం. రాయ్‌పూర్-విశాఖ మార్గంలో ఇంకా రైలు విమానానికి ప్రత్యామ్నాయం కాలేదు, విమానం రైలుకు ప్రత్యామ్నాయం కాలేదు.

హైదరాబాద్ విషయంలో ఈ అంతరం మరింత పెద్దది. రాయ్‌పూర్-హైదరాబాద్‌ల మధ్య వాయుదూరం దాదాపు 550 కి.మీ. కాగా, నాగ్‌పూర్ మీదుగా రైలులో వెళితే దాదాపు 880 కి.మీ. అవుతుంది. నేలపై దూరం సరళరేఖకు 1.6 రెట్లు. రాయ్‌పూర్-విశాఖ రైలు మార్గంలో ఈ నిష్పత్తి 1.26, పాత రహదారిలో 1.42. కొత్త రహదారి పూర్తయితే 1.11కు దిగుతుంది. హైదరాబాద్ వైపు ఇంతటి చుట్టు తిరుగుడు ఎందుకంటే, నడుమ దండకారణ్యం ఉంది. ఇంద్రావతి, గోదావరి నదుల నడుమ విస్తరించిన ఆ అరణ్య ప్రాంతాన్ని ఉత్తరం నుంచి దక్షిణానికి దాటే రైలు మార్గం నేటికీ లేదు.

ఆరు వరుసల దారి: ఎవరికి అయిదు గంటలు?

కొత్త ఆర్థిక నడవా ఛత్తీస్‌గఢ్‌లో సుమారు 125 కి.మీ., ఒడిశాలో 240 కి.మీ., ఆంధ్రప్రదేశ్‌లో 100 కి.మీ. మేర సాగుతుంది. జాతీయ రహదారి 130-సీడీగా గుర్తించిన ఈ దారి రాయ్‌పూర్ సమీపాన అభన్‌పూర్ ప్రాంతంలో మొదలై కాంకేర్, కొండగావ్, ఒడిశాలోని నబరంగ్‌పూర్, కోరాపుట్ జిల్లాల మీదుగా సాలూరు వైపు దిగి, విశాఖ సమీపంలోని సబ్బవరం వద్ద ముగుస్తుంది. ఆంధ్రప్రదేశ్ భాగానికి 2022 నవంబర్‌లో విశాఖలో, ఛత్తీస్‌గఢ్ భాగానికి 2023 జులై 7న రాయ్‌పూర్‌లో ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. ఉదంతి అభయారణ్య ప్రాంతంలో వన్యప్రాణుల రాకపోకలకు 27 దారులు, కోతులు రోడ్డు దాటేందుకు 17 పందిళ్లు, 2.8 కి.మీ. సొరంగం ఈ ప్రణాళికలో భాగం.

ఇప్పటి దారి ధమ్తరి, కాంకేర్, కేష్‌కాల్ ఘాట్, కొండగావ్, జగ్దల్‌పూర్, జయపురం, కోరాపుట్ మీదుగా సాలూరు ఘాట్ దిగి విజయనగరం చేరుతుంది. కేష్‌కాల్ ఘాట్‌లో ఒక్క లారీ ఆగిపోతే వెనుక వాహనాలు బారులు తీరడం ఆ దారిన తిరిగే డ్రైవర్లందరికీ అనుభవమే. కొత్త దారి ఈ రెండు ఘాట్ల ఇబ్బందిని తప్పిస్తుంది. 132 కి.మీ. తగ్గితే ఒక లారీకి ఆదా అయ్యే డీజిలు, టైర్ల అరుగుదల, డ్రైవరు విశ్రాంతి తక్కువేమీ కావు.

అయితే అయిదు గంటల అంచనాను జాగ్రత్తగా చదవవలసి ఉంది. 465 కి.మీ.ను అయిదు గంటల్లో దాటాలంటే ఎక్కడా ఆగకుండా గంటకు సగటున 93 కి.మీ. వేగం ఉండాలి. కేంద్ర ప్రభుత్వం 2018లో ప్రకటించిన పరిమితుల ప్రకారం ఎక్స్‌ప్రెస్‌వేలపై కార్లకు గరిష్ఠ వేగం 120 కి.మీ., సరకు వాహనాలకు 80 కి.మీ. అంటే అయిదు గంటలన్నది కారు లెక్క. లారీ ఒక్క నిమిషం ఆగకుండా గరిష్ఠ వేగంతో నడిచినా దాదాపు ఆరు గంటలు. భోజనం, విశ్రాంతి, టోల్ కలిపితే ఎనిమిది గంటలకు తక్కువ కాదు. అయినప్పటికీ నేటి పరిస్థితితో పోలిస్తే అది పెద్ద మార్పే. ఉదయం రాయ్‌పూర్‌లో సరకు ఎక్కించిన లారీ అదే రోజు రాత్రికి రేవు చేరగలదు.

ఈ మార్పు విమాన సర్వీసుల మీద కూడా ప్రభావం చూపక తప్పదు. నేరు విమానంలో గుమ్మం నుంచి గుమ్మానికి నాలుగు గంటలు, కారులో అయిదారు గంటలు అయినప్పుడు, నలుగురు సభ్యుల కుటుంబం విమాన టికెట్ల కంటే కారునే ఎంచుకునే అవకాశం ఎక్కువ. హైదరాబాద్‌లో మారే విమానం ఈ పోటీలో నిలవడం కష్టం.

ముందు సరకుకు, తరువాత మనిషికి

ఈ ప్రాంత రవాణా చరిత్రలో ఒక వరుస కనిపిస్తుంది. 1931 నాటి రైలు మార్గం ప్రధానంగా ఖనిజాలు, ఇతర సరకుల కోసం వచ్చింది. 1960వ దశకంలో బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు ఎగుమతి చేసేందుకు కొత్తవలస-కిరండుల్ మార్గాన్ని అరకు కొండలను తొలిచి నిర్మించారు. యాభైకి పైగా సొరంగాలు గల ఆ మార్గం ఇంజినీరింగ్ పరంగా దేశానికి గర్వకారణమే. అయితే దానిపై ప్రయాణికుల రైళ్లు నేటికీ వేళ్లపై లెక్కించదగినన్ని మాత్రమే. భిలాయ్ ఉక్కు కర్మాగారానికి విదేశీ బొగ్గు విశాఖ రేవు నుంచే వెళుతుంది. ప్రస్తుత ఆరు వరుసల దారి పేరులోనే 'ఆర్థిక నడవా' అన్న మాట ఉంది.

సరకు కోసం దారి వేయడం తప్పు కాదు. సరకు నడిస్తేనే ఉపాధి నడుస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి రైల్వే ఉద్యోగాలకు, భిలాయ్ కర్మాగారానికి వలసవచ్చిన తెలుగు కుటుంబాలు రాయ్‌పూర్, దుర్గ్, భిలాయ్ నగరాల్లో తరాలుగా స్థిరపడ్డాయంటే అందుకు ఆ రైలు మార్గమే కారణం. స్వగ్రామంలో పండుగకు, పెళ్లికి, చావుకు వెళ్లిరావడానికి వారికి ఆధారం కూడా అదే. సమస్య ఎక్కడంటే, దూరాన్ని తగ్గించే ప్రతి ప్రయత్నమూ రెండు చివరలను మాత్రమే లెక్కలోకి తీసుకోవడంలో ఉంది.

తెలుగులో 'దూరాభారం' అన్న మాట ఉంది. దూరం పటంపై కొలిచేదైతే, భారం మనిషి మోసేది. రెండింటినీ కలిపి ఒకే మాటగా పలికిన వాడుకలో అనుభవం ఉంది. కొత్త దారులు దూరాన్ని తగ్గిస్తున్నాయనడంలో సందేహం లేదు. భారం ఎవరిపై ఎంత మిగులుతోందన్నది చూడాలంటే నడుమ ఉన్న ఊళ్లకు వెళ్లాలి.

నడుమ ఉన్నవారి లెక్క

బస్తర్ ప్రాంతానికి కేంద్రమైన జగ్దల్‌పూర్ నుంచి రాయ్‌పూర్‌కు రోడ్డు దూరం సుమారు 300 కి.మీ. ఈ రెండు నగరాల మధ్య దగ్గరి రైలు మార్గం లేదు. రైలులో వెళ్లాలంటే ఒడిశాలోని కోరాపుట్, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా చుట్టుకు రావాలి. దూరం రెట్టింపవుతుంది. దల్లీ రాజ్‌హరా నుంచి రావ్‌ఘాట్ మీదుగా జగ్దల్‌పూర్ చేరే 235 కి.మీ. మార్గం దశాబ్దాల కల. అందులో రావ్‌ఘాట్-జగ్దల్‌పూర్ మధ్య 140 కి.మీ. భాగానికి 2025లో రైల్వే శాఖ ఆమోదం తెలిపింది. పాత జాతీయ రహదారి జగ్దల్‌పూర్ గుండా సాగేది. కొత్త ఆరు వరుసల దారి కొండగావ్ జిల్లా దాటగానే నబరంగ్‌పూర్ వైపు మళ్లుతుంది. రాయ్‌పూర్, విశాఖల మధ్య దూరం తగ్గే క్రమంలో జగ్దల్‌పూర్ ప్రధాన దారికి పక్కన పడుతుంది.

ఇంకా దక్షిణానికి వెళితే లెక్క మరింత విచిత్రంగా మారుతుంది. సుక్మా జిల్లాలోని కోంట పట్టణానికి రాష్ట్ర రాజధాని రాయ్‌పూర్ 450 కి.మీ.కు పైమాటే. పొరుగు రాష్ట్రంలోని భద్రాచలం వంద కిలోమీటర్ల లోపే. బీజాపూర్ వాసికి రాయ్‌పూర్ కంటే వరంగల్ దగ్గర. అందువల్లనే వైద్యం కోసం, కూలి కోసం, మార్కెట్ కోసం ఈ ప్రాంత ప్రజలు తరతరాలుగా దక్షిణం వైపు చూస్తున్నారు. ఓరుగల్లు పతనానంతరం కాకతీయ వంశీయుడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తర్‌లో రాజ్యం స్థాపించాడన్న చరిత్ర ఈ దారి ఎంత పాతదో చెబుతుంది.

హైదరాబాద్-రాయ్‌పూర్‌ల మధ్య సరళరేఖ గీస్తే అది గోదావరిని దాటి గడ్చిరోలి అడవుల మీదుగా సాగుతుంది. ఆ రేఖకు తూర్పున ములుగు, బీజాపూర్ జిల్లాలు ఉన్నాయి. ఏటా మిర్చి కోతల వేళ బస్తర్ నుంచి వేలాది మంది కూలీలు ములుగు, భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం ప్రాంతాలకు వస్తారు. 2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైనప్పుడు వారిలో అనేకులు పొలాల్లోనే చిక్కుకున్నారు. బస్సులు లేవు, రైలు మార్గం అసలే లేదు. బీజాపూర్ జిల్లాకు చెందిన పన్నెండేళ్ల బాలిక ఏప్రిల్ నెలలో తోటి కూలీలతో కలిసి అడవి దారిన మూడు రోజులు నడిచి, ఇల్లు మరికొద్ది కిలోమీటర్ల దూరాన ఉండగా ప్రాణాలు కోల్పోయింది. విమానానికి పదిహేను, ఇరవై నిమిషాలైనా పట్టని దూరమది. ఆ దూరం ఆ బాలికకు ఎంతన్నది ఏ సమయపట్టికలోనూ దొరకదు.

నాటి విపత్తు అసాధారణమైనదే. కానీ అది బయటపెట్టిన వాస్తవం సాధారణమైనది. ఆరు వరుసల దారి ప్రవేశ నియంత్రణ గల రహదారి. నిర్దేశిత కూడళ్ల వద్ద తప్ప వాహనాలు ఎక్కడం, దిగడం కుదరదు. దారి పక్కనే ఉన్న గ్రామానికి కూడా కూడలి ఇరవై కిలోమీటర్ల దూరాన ఉంటే ఆ దారి కనిపిస్తుంది తప్ప అందదు. నిన్నటి వరకు కాలిబాటన దాటి వెళ్లిన పొలం, సంత అవతలి వైపునకు పోతే, సొరంగ దారుల సంఖ్య, అంతరం కీలకమవుతాయి. జంతువుల రాకపోకలకు దారులు లెక్కగట్టిన ప్రణాళికలో మనుషుల రాకపోకలకూ అంతే శ్రద్ధ అవసరం.

ఉడాన్ నేర్పిన పాఠం

చిన్న నగరాలకు విమానయోగం కల్పించే లక్ష్యంతో కేంద్రం 2016లో ఉడాన్ పథకాన్ని ప్రకటించింది. గంట ప్రయాణం లేదా సుమారు 500 కి.మీ. దూరానికి సగం సీట్లను 2,500 రూపాయల గరిష్ఠ ధరకు ఇవ్వాలని, లోటును మూడేళ్లపాటు ప్రభుత్వం భరించాలని అందులో నిర్ణయించారు. 2020 సెప్టెంబరులో హైదరాబాద్-జగ్దల్‌పూర్-రాయ్‌పూర్ సర్వీసు ఈ పథకం కిందనే మొదలైంది. రోడ్డుపై ఆరేడు గంటలు పట్టే జగ్దల్‌పూర్-రాయ్‌పూర్ ప్రయాణం చిన్న ఏటీఆర్ విమానంలో గంట లోపునకు దిగివచ్చింది. బస్తర్ ప్రాంతానికి అది చరిత్రాత్మకమే.

అయితే దేశవ్యాప్త అనుభవం హెచ్చరికగా ఉంది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2023లో సమర్పించిన నివేదిక ప్రకారం ఉడాన్ మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాల్లో ప్రారంభమైనవి 371 మాత్రమే. వాటిలో మూడేళ్ల గడువు పూర్తిచేసుకున్నవి 112. సబ్సిడీ ముగిశాక కూడా 2023 మార్చి నాటికి నిలబడినవి 54. ఒక మార్గం మొదలైనంత మాత్రాన దూరం తగ్గినట్లు కాదని, అది నిలిచినప్పుడే తగ్గినట్లని ఈ అంకెలు చెబుతున్నాయి. రోజూ నడవని విమానం మీద ఆధారపడి ఎవరూ ఆసుపత్రి తేదీ ఖాయం చేసుకోలేరు, పరీక్షకు బయలుదేరలేరు.

నిలకడ లేని సర్వీసుకు మరో నష్టం కూడా ఉంది. ఒక సీజనులో మొదలై మరో సీజనులో ఆగిపోయే మార్గంలో ప్రయాణికులు అలవాటు పడరు. అలవాటు పడని చోట సీట్లు నిండవు. సీట్లు నిండలేదన్న కారణంతో సర్వీసు ఆగుతుంది. ఈ వలయాన్ని ఛేదించాలంటే మూడేళ్ల సబ్సిడీ ఒక్కటే చాలదు. విమానం దిగిన చోటి నుంచి బస్సు, రైలు సమయాలతో అనుసంధానం ఉండాలి.

కొలబద్ద మారాలి

రాబోయే సంవత్సరాల్లో ఈ ప్రాంతానికి అనేక దారులు రానున్నాయి. ఒడిశాలోని మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం వరకు 173 కి.మీ. కొత్త రైలు మార్గానికి కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది. అది పూర్తయితే గోదావరికి ఉత్తరాన ఉన్న గిరిజన ప్రాంతాలకు తెలంగాణ రైల్వే వ్యవస్థతో తొలిసారి నేరు బంధం ఏర్పడుతుంది. రావ్‌ఘాట్-జగ్దల్‌పూర్ మార్గం పూర్తయితే బస్తర్ తన సొంత రాజధానికి రైలులో చేరగలదు. ఆరు వరుసల దారికి కూడళ్ల వద్ద జిల్లా రోడ్లు, బస్సులు తోడైతే నడుమ ఉన్న ఊళ్లకూ ఆ అయిదు గంటల్లో వాటా దక్కుతుంది.

ఇందుకు పెద్ద పెట్టుబడి కంటే ముందు కొలబద్ద మారడం అవసరం. ప్రాజెక్టుల విజయాన్ని ఇప్పటివరకు రెండు నగరాల మధ్య తగ్గిన కిలోమీటర్లతో, ఆదా అయిన గంటలతో కొలుస్తున్నారు. వాటితోపాటు కోంట నుంచి పెద్దాసుపత్రికి ఎన్ని గంటలు, బీజాపూర్ కూలీ సొంతూరికి తిరిగి చేరడానికి ఎన్ని వాహనాలు మారాలి, జగ్దల్‌పూర్ విద్యార్థి రాయ్‌పూర్‌లో పరీక్ష రాసి అదే రోజు ఇల్లు చేరగలడా అన్న ప్రశ్నలకూ అంకెల్లో సమాధానం ఉండాలి. ఆ అంకెలను ప్రతి ప్రాజెక్టు నివేదికలో రెండు చివరల లెక్క పక్కనే ప్రచురించడం అసాధ్యమేమీ కాదు.

రాయ్‌పూర్-విశాఖపట్నం మధ్య సరళరేఖ దూరం 1931లో ఎంతో నేడూ అంతే. దాదాపు 420 కి.మీ. ఈ తొమ్మిది దశాబ్దాల్లో మారినది ఆ దూరాన్ని దాటే సాధనాలు, వాటిని అందుకోగల మనుషుల సంఖ్య. మొదటిది వేగంగా పెరిగింది. రెండోది అంత వేగంగా పెరిగినప్పుడే కొత్త దారి దూరంతోపాటు భారాన్నీ తగ్గించినట్లవుతుంది.